ఒకే పాట - పలు ప్రతులు
బీటిల్స్ గీతసంకలనాలలో మేలైన ధ్వని ఏది?

ఒక ప్రాచీన కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికినవనుకొందాము. పదింటిలోను కవి ఒక్కడే, కథ ఒక్కటే. అయినను ఒక ప్రతిలో ఉన్న మాట మరియొక ప్రతిలో ఉండదు. ఒక లేఖకుడు తనకు అర్థం కాని చోట అక్షరం మార్చి ఉంటాడు. మరియొకడు పద్యం ఇంకను బాగుండవలెనని తన మాట చేర్చి ఉంటాడు. కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ఈ ప్రతులన్నిటినీ ఎదుట పెట్టుకొని, చదువుటకు ఏది ఇంపుగా ఉన్నదని మాత్రమే అడుగడు. కవి వ్రాసినదానికి ఏది దగ్గరగా ఉన్నదని కూడ అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నలకు ఎల్లప్పుడు ఒకే సమాధానం రాదు.

ధ్వనిముద్రణ పొందిన సంగీతానికి కూడ ఇట్టి చిక్కే ఉన్నది. గాయకుడు పాడినది ఒక్కసారే. కాని ఆ పాట నలుబది, ఏబది సంవత్సరాల కాలంలో పలుమార్లు పలు రూపాలలో విడుదల అవుతుంది. ప్రతి విడుదలకును వెనుక ఒక ఇంజనీరు ఉంటాడు, ఒక యంత్రం ఉంటుంది, ఆ కాలపు అభిరుచి ఉంటుంది. వీటిలో దేని ధ్వని మేలైనది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకు ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి చెందిన బీటిల్స్ అనే రాక్ సంగీత బృందం చక్కని ఉదాహరణ. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ - ఈ నలుగురి పాటలు 1962 నుండి 1970 వరకు వరుసగా వెలువడినవి. హారిసన్ మన పండిత రవిశంకర్ వద్ద సితారు అభ్యసించినవాడని చాలమందికి తెలిసే ఉంటుంది. బృందం 1970లో విడిపోయినది. కాని వారి పాటలలో ముఖ్యమైనవాటిని ఏర్చి కూర్చిన సంకలనాలు ఆ తరువాత కూడ వెలువడుతూనే ఉన్నవి. 1966, 1973, 1993, 2000, 2010, 2015, 2023 - ఈ సంవత్సరాలు ఒక్కొక్కటి ధ్వనిముద్రణ శాస్త్ర చరిత్రలో ఒక్కొక్క మైలురాయి వంటివి.

మూలప్రతి ఎట్టిది?

లండనులోని ఆబీ రోడ్డులో ఈ.ఎం.ఐ. సంస్థవారి స్టూడియో 1931 నవంబరులో ప్రారంభమైనది. బీటిల్స్ పాటలలో అధికభాగం రూపొందినది ఇక్కడనే. నిర్మాత జార్జ్ మార్టిన్. తొలి సంవత్సరాలలో ధ్వని ఇంజనీరు నార్మన్ స్మిత్. 1966 నుండి జెఫ్ ఎమెరిక్.

అయస్కాంత ధూళి పూసిన పొడవైన ప్లాస్టిక్ టేపు సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో యంత్రం ముందునుండి పోతుంది. మైక్రోఫోను నుండి వచ్చే విద్యుత్తు హెచ్చుతగ్గులు టేపుమీద అయస్కాంత శక్తి హెచ్చుతగ్గులుగా నిలిచిపోతవి. తొలిరోజులలో బీటిల్స్ వాడిన యంత్రానికి ఉన్నవి రెండే ట్రాకులు, అనగా టేపుమీద పక్కపక్కన రెండు బాటలు. ఒక బాటమీద వాయిద్యాలు అన్నియు, రెండవదానిమీద గానము ఉండేవి. 1963 ఫిబ్రవరి 11వ తేదీన వారు తమ మొదటి ఆల్బంలోని పది పాటలను ఒక్క దినంలోనే ఈ విధంగా ముద్రించినారు.

రెండు బాటలు పెట్టినది శ్రోతకు కుడియెడమల భేదం చూపుటకు కాదు. గానం ఎంత గట్టిగా ఉండవలెను, వాయిద్యం ఎంత ఉండవలెను అని తరువాత తీరికగా నిర్ణయించుకొని, రెండింటినీ మేళవించి ఒకే ధ్వనిధారగా మార్చుటకు. ఆ ధారనే మోనో అంటారు. ఇంగ్లండులో అప్పటి యువకుల ఇండ్లలోని రికార్డు ప్లేయర్లకు ఒకే స్పీకరు ఉండేది. రేడియో కూడ మోనోయే. కనుక నాటి దృష్టిలో పాట అంటే దాని మోనో మేళవింపే.

1963 అక్టోబరులో నాలుగు ట్రాకుల యంత్రం, 1968లో ఎనిమిది ట్రాకుల యంత్రం వారికి అందుబాటులోకి వచ్చినవి. నాలుగు బాటలు నిండినప్పుడు వాటిని మేళవించి, మరియొక యంత్రంలోని ఒకటి రెండు బాటలకు నకలు దించి, ఖాళీ అయిన స్థానంలో క్రొత్త వాయిద్యాలు చేర్చేవారు. 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్' ఆల్బం ఈ పద్ధతిలో తయారైనదే. అయితే ప్రతి టేపుకును స్వభావసిద్ధమైన ఒక 'స్స్' అనే రొద ఉంటుంది. నకలు దించినప్పుడు మొదటి టేపు రొద, రెండవ టేపు రొద కలుస్తవి. రెండును సమానమైతే రొద శక్తి రెట్టింపు అవుతుంది. అనగా 3 డెసిబెల్‌లు పెరుగుతుంది. కాబట్టి నకలుకు నకలు తీసిన ప్రతి కన్న మూలటేపుకు దగ్గరగా ఉన్న ప్రతియే శుద్ధమైనది. ధ్వని పరిష్కర్తకు ఇది మొదటి సూత్రం.

ఒక చెవికా, రెండు చెవులకా?

రెండు స్పీకర్లతో దిక్కును, దూరాన్ని వినిపించే స్టీరియో పద్ధతి పుట్టినది కూడ ఈ.ఎం.ఐ. సంస్థలోనే. అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు 1931 డిసెంబరులో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టినారు. రికార్డుపై ఒకే గాడిలోని రెండు గోడలమీద రెండు ధ్వనిధారలను చెక్కవచ్చునని ఆయన అందులోనే వివరించినారు. 1934లో ఆబీ రోడ్డు స్టూడియోలోనే సర్ థామస్ బీచమ్ నిర్వహించిన వాద్యబృందాన్ని స్టీరియోలో ముద్రించి చూపినారు. రాడారు పరిశోధనలో ఉండగా 1942లో విమానప్రమాదంలో ఆయన మరణించినారు. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరాలు. స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చినది 1950ల చివరి సంవత్సరాలలో మాత్రమే.

బీటిల్స్ పాటలకు స్టీరియో మేళవింపులు కూడ చేసినారు. కాని రెండు బాటల టేపునుండి చేయగలిగినది ఏమున్నది? వాయిద్యాల బాట ఒక వైపునకు, గానం బాట రెండవ వైపునకు పంపినారు. గదిలో రెండు స్పీకర్లు పెట్టి వింటే ఇది అంత బాధ కలిగించదు; ఎందుకనగా ఎడమ స్పీకరు ధ్వని కుడి చెవికి కూడ కొంత చేరుతుంది. హెడ్‌ఫోనులతో వింటే మాత్రం గాయకుడు ఒక చెవిలోను, మద్దెల మరియొక చెవిలోను ఉన్నట్లు తోచి విచిత్రంగా ఉంటుంది.

1966 డిసెంబరులో ఇంగ్లండులో వారి మొదటి సంకలనం 'ఎ కలెక్షన్ ఆఫ్ బీటిల్స్ ఓల్డీస్' వెలువడినది. దానిని స్టీరియోలో కూడ విడుదల చేయదలచినప్పుడు ఒక చిక్కు వచ్చినది. 1963 జూలై 1వ తేదీన ముద్రించిన 'షీ లవ్స్ యూ' పాటకు మోనో ప్రతి ఒక్కటే మిగిలినది. మోనో మేళవింపు పూర్తికాగానే రెండు బాటల టేపును చెరిపివేసినారు! పుస్తకం అచ్చయినది గదా అని వ్రాతప్రతిని పారవేయుట వంటిదే ఇది. చేయునది లేక, ఆ మోనో ధ్వనిలోని మంద్రస్వరాలను ఒక వైపునకు, తారస్వరాలను మరియొక వైపునకు ఎక్కువగా పంపి, స్టీరియో వలె భ్రమింపజేసినారు. ఒక్కసారి పోయిన సమాచారం తిరిగి రాదని అప్పుడు అందరును నమ్మినారు. ఈ పాట సంగతి మరల చివర వస్తుంది.

ఎఱ్ఱ సంకలనం, నీలి సంకలనం

1973లో అమెరికాలో అనధికారంగా తయారైన ఒక బీటిల్స్ సంకలనం ప్రకటనల ద్వారా అమ్ముడుపోసాగినది. దానికి ప్రతిగా ఆ సంవత్సరం ఏప్రిల్‌లో రెండు అధికార సంకలనాలు వెలువడినవి. '1962-1966' ఎఱ్ఱ అట్టతోను, '1967-1970' నీలి అట్టతోను ఉన్నవి. మొదటిదానిలో 26 పాటలు, రెండవదానిలో 28 పాటలు. ఒక్కొక్కదానికి రెండేసి ఎల్.పి. రికార్డులు, అనగా నాలుగేసి ముఖాలు.

ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్క చేయవచ్చును. ఎఱ్ఱ సంకలనం మొత్తం సుమారు 62 నిమిషాలు. ముఖానికి పదునైదున్నర నిమిషాలు. నీలి సంకలనం సుమారు 99 నిమిషాలు. ముఖానికి దాదాపు 25 నిమిషాలు. ముఖం వైశాల్యం రెండింటికి ఒక్కటే. నీలి రికార్డులో ఎక్కువ కాలం పట్టవలెనంటే గాడులను దగ్గర దగ్గరగా చెక్కవలెను. దగ్గరగా చెక్కవలెనంటే ప్రతి గాడి ఊగే వెడల్పు తగ్గవలెను, అనగా ధ్వనిమట్టం తగ్గవలెను. ధ్వని తగ్గినను రికార్డు ఉపరితలంపై దుమ్ము చప్పుడు తగ్గదు. కనుక అన్నియు సమానమైతే ఎఱ్ఱ రికార్డు నీలి రికార్డు కన్న గట్టిగా, నిర్మలంగా పలుకుటకు అవకాశం ఎక్కువ. ఇందులో సంగీతకారుల ప్రమేయం ఏమియు లేదు; ఇది కేవలం క్షేత్రగణితం.

మరియొక లెక్క. ఎల్.పి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచువద్ద వ్యాసార్ధం సుమారు 14.6 సెంటీమీటర్లు. అక్కడ సూదికింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది. లోపలి అంచువద్ద, వ్యాసార్ధం 6 సెంటీమీటర్లయినప్పుడు, ఆ వేగం సుమారు 21 సెంటీమీటర్లు మాత్రమే. సెకనుకు 10,000 కంపనాలు గల స్వరం బయట ఒక మిల్లీమీటరులో ఇరువదవ వంతు పొడవున ఒక అలగా ఉంటే, లోపల ఏబదవ వంతుకు కుదించుకొనిపోతుంది. అంత సన్నని మలుపులలో సూది సరిగా తిరుగలేదు, ధ్వని గరగరలాడుతుంది. నీలి సంకలనంలో నాలుగవ ముఖం చివరిపాట 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్'. వాయులీనాలు, బృందగానం నిండిన ఆ పాట అన్నిటికన్న ఇరుకైన చోట పడినది. పాటల వరుసను కాలక్రమం నిర్ణయించినది. దాని ఫలితాన్ని సూది అనుభవించవలసి వచ్చినది.

అంకెలుగా మారిన ధ్వని

1982లో కాంపాక్ట్ డిస్కు, అనగా సి.డి., బజారులోకి వచ్చినది. ఇందులో ధ్వనితరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకటిగా వ్రాసుకొంటారు. సూది లేదు, గాడి ఇరుకు లేదు, లోపలి అంచు బెడద లేదు. మిక్కిలి సన్నని ధ్వనికి, మిక్కిలి గట్టి ధ్వనికి మధ్య సుమారు 96 డెసిబెల్‌ల వ్యవధి దొరికినది.

1987లో బీటిల్స్ ఆల్బంలు సి.డి.లుగా వచ్చినవి. మొదటి నాలుగు ఆల్బంలను మోనోలోనే విడుదల చేసినారు. తరువాతి రెండు ఆల్బంల, అనగా 1965 నాటి 'హెల్ప్!', 'రబ్బర్ సోల్' అనువాటి, స్టీరియో జార్జ్ మార్టిన్‌కు తృప్తి కలిగింపలేదు. ఆయన నాలుగు ట్రాకుల టేపులను మరల తెప్పించుకొని రెండు ఆల్బంలను తిరిగి మేళవించినారు. కవియే ఇరువది యేండ్ల తరువాత తన కావ్యాన్ని సవరించినట్లు, ఇక్కడ నిర్మాతయే పాఠాంతరం సృష్టించినారు. ఇది ముఖ్యమైన సంగతి. ఎందుకనగా 1993లో ఎఱ్ఱ, నీలి సంకలనాలు సి.డి.లుగా వచ్చినప్పుడు, ఈ రెండు ఆల్బంల పాటలకు వాడినది 1965 నాటి స్టీరియో కాదు. 1987 నాటి స్టీరియో. అట్టమీద బొమ్మ పాతదే. లోపలి ధ్వనిలో కొంత క్రొత్తది.

అరువది రెండు నిమిషాల ఎఱ్ఱ సంకలనం ఒక సి.డి.లో సులభంగా పట్టును. అయినను నీలిదానితో జోడు కుదురుటకు దానినికూడ రెండు సి.డి.లుగా అమ్మినారు. కొనువారు గొణుగుకొన్నారంటే ఆశ్చర్యం లేదు.

బిగ్గరతనం తెచ్చిన భ్రమ

2000 నవంబరు 13వ తేదీన '1' అనే సంకలనం వచ్చినది. ఇంగ్లండులోగాని, అమెరికాలోగాని ప్రథమస్థానం పొందిన 27 పాటలను ఒకే సి.డి.లో ఇమిడ్చినారు. మొత్తం 79 నిమిషాలు, సి.డి. దాదాపు అంచువరకు నిండినది. అనేక దేశాలలో ఈ సంకలనం అమ్మకాలలో మొదటి స్థానం పొందినది. క్రొత్త తరానికి బీటిల్స్‌ను పరిచయం చేసినది ఇదే.

ఆబీ రోడ్డులో పీటర్ మ్యూ దీనికి మూలప్రతిని సిద్ధంచేసినారు. టేపు రొదను యంత్రసహాయంతో తగ్గించినారు, ధ్వనిమట్టాన్ని పెంచినారు. అది సంగీత పరిశ్రమలో 'మా రికార్డు మీ రికార్డు కన్న గట్టిగా వినిపించవలె' అనే పోటీ తీవ్రంగా ఉన్న కాలం. సి.డి.కి 65,536 మెట్లకు మించి పైకి పోవుటకు వీలులేదు. మద్దెల దెబ్బవంటి శిఖరం ఆ కప్పును తాకిన తరువాత పాటను ఇంకను గట్టిగా చేయుట ఎట్లు? లిమిటర్ అనే సాధనంతో శిఖరాలను అణచి, పిమ్మట మొత్తాన్ని పైకి లేపుతారు. కొండలను చెక్కి నేలమట్టం పెంచినట్లన్నమాట. నేల ఎత్తయినది గాని, కొండ కొండగా మిగులలేదు. మద్దెల దెబ్బ తాకిడి మెత్తబడుతుంది. చాలసేపు వింటే చెవి అలసిపోతుంది. '1' మీద వచ్చిన విమర్శ ఇదే.

అయితే మొదట వినినప్పుడు చాలమంది దానినే మెచ్చుకొన్నారు. దీనికి కారణం మన చెవిలోనే ఉన్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఫ్లెచర్, మన్సన్ అనువారు 1933లో ప్రకటించిన పరిశోధనవలన ఒక సంగతి తేలినది. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు మన చెవి మంద్రస్వరాలను బాగా తక్కువగా వింటుంది. ధ్వని పెరిగినకొలది అవి నిండుగా వినిపిస్తవి. కాబట్టి ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండవసారి ఒక్క డెసిబెల్ పెంచితే, వినేవాడు 'రెండవది గట్టిగా ఉన్నది' అనడు; 'రెండవది నిండుగా, స్పష్టంగా ఉన్నది' అంటాడు. ధ్వనిమట్టం సమానం చేయకుండ రెండు ప్రతులను పోల్చుట, రెండు పళ్లు సమంగా లేని త్రాసుతో తూచుట వంటిది.

ఈ సందర్భంలో ఎఱ్ఱ సంకలనంలోని 'నార్వీజియన్ వుడ్' అనే 1965 నాటి పాట తలచుకొనదగినది. అందులో హారిసన్ సితారు మీటినారు. సితారును ముద్రించుట కష్టమైనదని, దాని తరంగంలో పదునైన శిఖరాలు ఉంటవని, లిమిటర్ వాడితే నాదం చెడునని తాను వాడలేదని నార్మన్ స్మిత్ తరువాత చెప్పినారు. సితారు సహజనాదం మన చెవులకు తెలిసినదే. ఏ ప్రతిలో తీగె మీటిన తాకిడి, పిమ్మట మ్రోగే ఝంకారం వేరువేరుగా వినవచ్చునో చూచుకొంటే, ఆ ప్రతిని గూర్చి చాల సంగతులు తెలిసిపోతవి.

ఓపికగల పరిష్కర్తలు

2009 సెప్టెంబరు 9వ తేదీన బీటిల్స్ ఆల్బంలన్నియు క్రొత్తగా సిద్ధపరచిన రూపంలో వెలువడినవి. ఆబీ రోడ్డు ఇంజనీర్ల బృందం దీనికై నాలుగు సంవత్సరాలు శ్రమించినది. మూలటేపులలో ఒక్కొక్క పాటను విడివిడిగా సెకనుకు 1,92,000 కొలతలతో అంకెలలోకి మార్చినారు; ప్రతి పాట తరువాత యంత్రం తలలను శుభ్రం చేసినారు. రొద తగ్గించే సాధనాన్ని మొత్తం 525 నిమిషాల సంగీతంలో అయిదు నిమిషాలకన్న తక్కువ భాగంలోనే వాడినారు. స్టీరియో ప్రతులలో లిమిటర్‌ను కొద్దిగా మాత్రం వాడినారు. మోనో ప్రతులలో అసలే వాడలేదు.

2010 అక్టోబరులో ఎఱ్ఱ, నీలి సంకలనాలు ఈ క్రొత్త మూలప్రతులనుండి మరల వచ్చినవి. 2011లో '1' కూడ ఆ విధంగానే తిరిగి వెలువడినది. 2000 నాటి తయారీని అది ప్రక్కకు నెట్టినది. మంచి పరిష్కర్త వలె ఈ ఇంజనీర్లు తమ చేతిముద్ర కనబడకుండ జాగ్రత్తపడినారు. ఒక్క సంగతి మాత్రం మరువరాదు. 'హెల్ప్!', 'రబ్బర్ సోల్' పాటల స్టీరియోకు ఇక్కడ కూడ 1987 నాటి మేళవింపే ఆధారం.

కలిసిపోయిన ధ్వనులను విడదీయుట

ఇంతవరకు చెప్పినది చాలవరకు ఉన్న మేళవింపును శుభ్రపరచుట. 2015 నవంబరులో '1' మరల వచ్చినప్పుడు పని వేరు. జార్జ్ మార్టిన్ కుమారుడు గైల్స్ మార్టిన్, సామ్ ఓకెల్ అనే ఇంజనీరు కలసి బహుట్రాకుల టేపులనుండి పాటలను తిరిగి మేళవించినారు. మద్దెలను, మంద్రగిటారును నడిమికి తెచ్చి, నేటి శ్రోతకు అలవాటైన నిండుదనం కలిగించినారు. కాని రెండు బాటల టేపులమీద వారికి కూడ అధికారం లేకపోయినది. వాయిద్యాలన్నియు ఒకే బాటమీద కలిసి ఉంటే వాటిని విడదీయుట, పాలలో కలిసిన నీటిని వేరు చేయుట వంటిది.

పాలను నీటినుండి వేరుచేయు హంసను మన కవులు చెప్పినారు. అట్టి హంస కంప్యూటరు రూపంలో వచ్చినది. 2021లో విడుదలైన 'గెట్ బ్యాక్' చిత్రం కొరకు న్యూజిలాండులో పీటర్ జాక్సన్ బృందంవారు ఒక సాధనం తయారుచేసినారు. గిటారు ఎట్లుంటుంది, మద్దెల ఎట్లుంటుంది, మనిషి గొంతు ఎట్లుంటుంది అని అనేక ఉదాహరణలతో కంప్యూటరుకు శిక్షణ ఇస్తే, అది ఒకే ట్రాకులో కలిసియున్న ధ్వనులలో దేనికది గుర్తించి వేరుచేస్తుంది. 1980లో మరణించిన లెనన్ అంతకు ముందు ఇంట్లో పియానో వాయిస్తూ పాడుకొన్న క్యాసెట్టు ఒకటి ఉండినది. దానినుండి ఆయన గొంతును ఈ విధంగా విడదీసి, 'నౌ అండ్ దెన్' అనే పాటను 2023 నవంబరు 2వ తేదీన విడుదల చేసినారు.

అదే నెల 10వ తేదీన ఎఱ్ఱ, నీలి సంకలనాలు పెంచిన రూపంలో వచ్చినవి. ఎఱ్ఱదానిలో 26 పాటలు 38 అయినవి. నీలిదానిలో 28 పాటలు 37 అయినవి. తొలినాటి పాటలలో గానం నడిమికి వచ్చినది; మద్దెల, గిటారులు తమతమ స్థానాలలో సర్దుకొన్నవి. 1963లో టేపు చెరిపివేసిన 'షీ లవ్స్ యూ' కూడ, అరువది యేండ్ల తరువాత, మోనో ప్రతినుండియే విడదీయబడి స్టీరియో రూపం పొందినది!

ఇది అద్భుతమే. కాని ఒక మాట జాగ్రత్తగా అనవలసి ఉన్నది. పోయిన టేపు తిరిగి రాలేదు. ఆ టేపుమీద ఏమి ఉండి ఉండునో కంప్యూటరు తాను నేర్చినదానినిబట్టి అంచనా కట్టినది. ఆ అంచనా మిక్కిలి నిపుణమైనది కావచ్చును. అయినను శిథిలపత్రంలో ఎగిరిపోయిన అక్షరాలను పండితుడు ఊహించి పూరించినప్పుడు వాటిని కుండలీకరణాలలో ఉంచుతాడు. ధ్వనికి కుండలీకరణాలు లేవు. వినేవానికి ఏది దొరికినది, ఏది పూరించినది అని తెలియదు. పైగా క్రొత్త ప్రతి వచ్చినకొలది పాత ప్రతి దుకాణాలనుండి క్రమంగా తప్పుకొంటుంది. రేపటి విద్యార్థి 2023 నాటి ధ్వనినే 1963 నాటి ధ్వనిగా భావించే ప్రమాదం ఇందులో ఉన్నది.

తరగతిగదిలో ఒక పరీక్ష

మేలైన ప్రతి ఏదో తేల్చుటకు వాదం కన్న ప్రయోగం మంచిది. ఒకే పాట రెండు ప్రతులు తీసుకొనండి. నేటి చేతిఫోనులలో ధ్వనిమట్టాన్ని డెసిబెల్‌లలో చూపే సాధనాలు ఉన్నవి. ఫోనును స్పీకరు ఎదుట ఒకేచోట ఉంచి, పాటలోని ఒకే భాగాన్ని రెండు ప్రతులలోను ఒక్క నిమిషంపాటు కొలిచి, సగటు సమానమగునట్లు స్పీకరు మట్టం సవరించండి. ఫోను చూపే అంకె సరియైనది కాకపోయినను భయం లేదు. మనకు కావలసినది పోలిక మాత్రమే.

పిమ్మట ఒక విద్యార్థి తెరవెనుక ఉండి, నాణెం ఎగురవేసి, బొమ్మ పడితే మొదటి ప్రతిని, బొరుసు పడితే రెండవ ప్రతిని వినిపించవలెను. వినేవాడు అది ఏ ప్రతియో చెప్పవలెను. ఇట్లు పదిసార్లు. ఊరక ఊహించి చెప్పేవానికి పదింటిలో తొమ్మిదిగాని, పదిగాని సరిపోవుటకు 1024లో 11 అవకాశాలు మాత్రమే ఉన్నవి, అనగా సుమారు నూటికి ఒకటి. కనుక తొమ్మిది సరిగా చెప్పినవానికి భేదం నిజంగా వినిపించినదని నమ్మవచ్చును. అయిదారు మాత్రమే సరిపోయినవాడు, అంతకుముందు ఎంత గట్టిగా వాదించి ఉన్నను, తన అభిప్రాయాన్ని మరల పరిశీలించుకొనవలెను. భేదం వినిపించిన తరువాతనే 'ఏది ఇంపుగా ఉన్నది?' అనే ప్రశ్నకు విలువ ఉంటుంది.

తుది మాట

ఇక మేలైన సంకలనం ఏది? బీటిల్స్ తమ కాలంలో ఏమి ముద్రించినారో తెలుసుకొనగోరువారికి 2010 నాటి ఎఱ్ఱ, నీలి సంకలనాలు తగినవని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మూలటేపుకు అవి దగ్గరగా ఉన్నవి. లిమిటర్ ఒత్తిడి తక్కువ. హెడ్‌ఫోనులతో వినేవారికి 2023 నాటి ఎఱ్ఱ సంకలనం ఎక్కువ సుఖాన్ని ఇస్తుంది. తొలిపాటలలోని కుడియెడమల ఎడబాటును అది తొలగించినది. నీలి సంకలనానికి ఆ అవసరం అంతగా లేదు; ఆ పాటలు మొదటనే ఎక్కువ ట్రాకులతో తయారైనవి. 2000 నాటి '1' ఆ కాలపు అభిరుచికి సాక్ష్యంగా మిగులుతుంది. ఎల్.పి. రికార్డులు గలవారు 1973 నాటి ఎఱ్ఱ సంకలనాన్ని వదలుకొననక్కరలేదు. దాని గాడులకు చోటు సమృద్ధిగా ఉన్నది.

ఈ తీర్పుతో పాఠకులు ఏకీభవింపకపోవచ్చును. ఏది ఇంపుగా ఉన్నదో ఎవరి చెవి వారికి చెబుతుంది. త్రాసు సమంగా ఉన్నంతవరకు ఆ మాటను కాదనుటకు వీలులేదు. కాని ఏది నమ్మదగిన ప్రతియో చెవి ఒక్కటే చెప్పలేదు. ఏ టేపునుండి, ఏ సంవత్సరంలో, ఏ సాధనంతో, ఎవరు తయారుచేసినారో తెలియవలెను. అందుచేత పాట వినబోయేముందు అట్ట వెనుక సన్నని అక్షరాలలో ఉన్న సంవత్సరాన్ని ఒక్కసారి చదువుట మంచి అలవాటు. పుస్తకం తెరవగానే ఎన్నవ ముద్రణయో చూచే అలవాటువంటిదే ఇది.